టైన్‌హాం పల్లెలో ఇల్లెవరిది?

ఇంగ్లండు దక్షిణ తీరమున, డార్సెటు సీమలో టైన్‌హాం అను చిన్న పల్లె కలదు. అందలి యిండ్లును పొలములును బాండు వంశీయుల సొత్తు. సేద్యగాండ్రు, జాలరులు మొదలగువారు అద్దె చెల్లించి తరతరములుగా అచ్చట కాపురముండిరి. సొంత యిల్లు కొనుట వారి యూహకును అందని మాట.

1943 నవంబరులో సైనికశాఖవారు, ఫిరంగుల యభ్యాసమునకై ఊరు విడువవలసినదని యుత్తరువిచ్చిరి. క్రిస్మసు పండుగకు ముందే ఆ పల్లెవారును చుట్టుపట్లవారును, సుమారు 225 మంది, కదలిపోయిరి. యుద్ధము ముగిసిన వెనుక మరలివత్తుమని నమ్మి, ఇండ్లను భద్రముగా చూడుడని వేడుచు చర్చి తలుపునకు చీటి యంటించి పోయిరి. అద్దెవారికి ముట్టిన పరిహారము పెరటి కూరగాయల వెల మాత్రమే.

1945లో యుద్ధము ముగిసెను. వారికి పల్లె దక్కలేదు. 1948లో ప్రభుత్వము ఆ భూమిని నిర్బంధముగా కొనెను. బాండువారి హక్కును అంతటితో తీరెను. నేడు ఇండ్లు మొండిగోడలు. చర్చియు బడియు మాత్రము ప్రదర్శనశాలలై నిలిచియున్నవి.

భూమి వెల యెవరికి చెల్లవలెనో దస్తావేజు చెప్పినది. ఇల్లు పోగొట్టుకొన్నవారెవరో అది చెప్పలేదు. ఆ లెక్క చర్చి తలుపునంటిన చీటిలోనే యున్నది.