ఫ్లూకు మందు దొరికిన కథ

1918లో బొంబాయి రేవున మొదలైన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా జనాన్ని పొట్టనబెట్టుకున్నది. ఆనాడు దానికి మందే లేదు. 1933లో లండన్ శాస్త్రజ్ఞులు మనిషి నుంచి ఫ్లూ వైరస్‌ను వేరుచేశారు. 1966లో అమెరికా అనుమతించిన అమాంటడిన్ కొంతకాలం ఫ్లూను నివారించింది. తర్వాత వైరస్ దానికి లొంగలేదు. 1999లో ఒసెల్టామివిర్ వచ్చింది. మనం బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి తీసిన ఆమ్లమే మొదట్లో దాని ముడిసరుకు. అలాగని పువ్వు నమిలితే జ్వరం తగ్గదు సుమా! 2009లో స్వైన్ ఫ్లూ దేశంలో తొలిసారి హైదరాబాదులోనే బయటపడింది. అప్పటికే ఆ ఊరి హెటెరో కంపెనీ ఈ మందు తయారుచేస్తున్నది.

సోదర సోదరీమణులకు మేము మనవి చేసేదొకటే: జ్వరం మొదలైన 48 గంటల్లోపు, డాక్టరు సలహాపై వాడితేనే ఈ మందు బాగా పనిచేస్తుంది. అసలు రక్షణ ఏటేటా వేయించుకునే టీకాయే. మన తాతలకు లేని ఈ రెండు ఆసరాలూ ఇంట్లో వృద్ధులకూ గర్భిణులకూ అందేలా చూద్దాం.