క్లెర్మాన్‌కు కూతాన్ ఉత్తరాలు

ఫ్రెంచి విప్లవ నాయకుల్లో ఒకడైన ఓ వకీలు సొంత ఊరికి లెక్క చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాలు నేటికీ చదవదగ్గవి.

1791 అక్టోబరు 1న పారిస్‌లో కొత్త శాసనసభ కొలువుదీరింది. ఒవెర్న్ కొండసీమ నుంచి ఎన్నికై వచ్చిన ముప్ఫై అయిదేళ్ల జార్జ్ కూతాన్ అందులో సభ్యుడు. పుట్టింది ఓర్సే అనే పల్లెలో, వకీలుగా స్థిరపడింది దగ్గర్లోని క్లెర్మాన్-ఫెరాన్‌లో. నల్లని అగ్నిశిలతో కట్టిన ఆ పట్టణంలో అతనికి పేదల పక్షాన నిలిచే వకీలని పేరుండేది. కాళ్లు మాత్రం క్రమంగా చచ్చుబడుతున్నాయి.

పారిస్ నుంచి కూతాన్ తన ఊరి పురపాలక సంఘానికి ఉత్తరాలు రాసేవాడు. ఒవెర్న్ చరిత్రకారుడు ఫ్రాన్సిస్క్ మేజ్ 1872లో అతని ఉత్తరాలను అచ్చు వేయించాడు.

ఈ ఆనవాయితీ 1789లోనే మొదలైంది. ప్రజలు తమ కష్టాలను ఫిర్యాదు పత్రాలుగా రాసిచ్చి విప్లవపు తొలి సభకు ప్రతినిధులను పంపారు. వెళ్లినవాళ్లు ఏం చేశారో తెలియాలి కదా! అందుకే సభ్యులు ఉత్తరాలు రాశారు. ఊళ్లలో జనాన్ని పోగుచేసి వాటిని పైకి చదివారు, కొన్నింటిని అచ్చు వేసి పంచారు. కూతాన్‌కు ముందు క్లెర్మాన్ తరఫున ఆ పని చేసింది గొల్టియే ద బియోజా. తొలి సభలో ఉన్నవారెవరూ తర్వాతి సభకు పోటీ చేయకూడదని 1791 మేలో తీర్మానించడంతో ఆయన తప్పుకున్నాడు.

కూతాన్ రాజకీయం వేగంగా మారింది. సభలో అడుగుపెట్టిన కొద్ది రోజులకే, రాజును ‘మహాప్రభూ’ అని సంబోధించే పద్ధతి పోవాలన్నాడు. 1792 ఫిబ్రవరిలో జమీందారీ హక్కుల భారం రైతు మీద నుంచి దించాలని వాదించాడు. మరుసటి జనవరిలో రాజు మరణశిక్షకు ఓటేశాడు. 1793 మే 30న, విప్లవ ప్రభుత్వాన్ని నడిపిన ప్రజాభద్రతా సమితిలో చేరాడు. ఆ శరత్తులో తిరుగుబాటు చేసిన లియాన్ నగరం మీదికి ఒవెర్న్ రైతులను వేల సంఖ్యలో కదిలించింది అతనే. నగరం లొంగాక అతని చేతిలో పెద్ద ఎత్తున రక్తపాతం జరగలేదు. సామూహిక మరణశిక్షలు అతని స్థానంలో వచ్చినవారి కాలంలో అమలయ్యాయి.

1794 జూన్ 10న అతను ప్రవేశపెట్టిన చట్టాన్ని మాత్రం ఏ సాకుతోనూ సమర్థించలేం. విప్లవ న్యాయస్థానంలో నిందితుడికి వకీలు ఉండడు. తీర్పులు రెండే: విడుదల లేదా మరణం. తర్వాతి ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1300 మందికి పైగా ప్రాణాలు పోయాయి. పేదలకు అండగా నిలిచిన వకీలే వకీలు అక్కర్లేదన్నాడు. జులై 28న, అధికారం కోల్పోయిన సమితి సహచరుడు రోబెస్పియర్‌తో పాటు అతన్నీ విచారణ లేకుండానే గిలటిన్ ఎక్కించారు. చేతులతో తిప్పుకుంటూ అతను తిరిగిన చక్రాల కుర్చీ ఇప్పుడు పారిస్ కార్నవాలే మ్యూజియంలో ఉంది.

ఈ ఉత్తరాలను తేదీల వరుసలో చదవాలని నా మనవి. చరిత్ర పుస్తకంలో ముగింపు ముందే తెలిసిపోతుంది. ఉత్తరం రాసేవాడికి రేపేం జరుగుతుందో తెలియదు. ఊరు నమ్మి పంపిన మనిషి, ప్రతి మెట్టూ దేశరక్షణకే అనుకుంటూ, ఎంత దూరం వెళ్లగలడో కూతాన్ జీవితం చూపిస్తుంది. ఓటేసి పంపినవారికి జవాబు చెప్పడం ప్రజాస్వామ్యానికి పునాది. ఆ జవాబు విని, తప్పనిపించిన చోట ఎదురు ప్రశ్న వేయడం ఊరి వంతు.