గుర్రాలలో లైమ్ వ్యాధి

1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, లైమ్ పట్టణ పరిసరాలలో అనేకమంది పిల్లలకు మోకాళ్ళు వాచాయి. ఆ వ్యాధికి ఊరి పేరే స్థిరపడింది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదులలో మరమేకువంటి సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అదే దీనికి కారణమని తేలింది. ఆ పిడుదులు గుర్రాలనూ కుడతాయి.

అయితే గుర్రం కుంటినంత మాత్రాన లైమ్ అనరాదు. ఆ ప్రాంతాలలో ఆరోగ్యంగా ఉన్న గుర్రాల రక్తంలోనూ ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. అవి క్రిమి సోకిన గుర్తులే తప్ప వ్యాధికి రుజువులు కావు. మన టైఫాయిడ్ వైడాల్ పరీక్షతో వచ్చే చిక్కే ఇది! కుంటుకు ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాకనే చికిత్స సబబు.

2005లో వెలువడిన కార్నెల్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, నరంలోకి ఎక్కించిన టెట్రాసైక్లిన్ నాలుగు పోనీలలోనూ క్రిమిని నిర్మూలించింది. నోటిద్వారా ఇచ్చిన డాక్సీసైక్లిన్‌కు అంతటి నిలకడ లేదు. అయినా సులువు కనుక పశువైద్యులు తరచుగా దానినే ఎంచుకుంటున్నారు.