తప్పు యూజర్‌ది కాదు, నాది

కొన్నేళ్ళ కిందట ఆఫీసులో నాకొక చిన్న బగ్ వచ్చి పడింది. వస్తువులు డెలివరీ చేసే ఒక సైటుకి అడ్రసు ఫారం రాశాన్లెండి. దేశం ఎంచుకుంటే దాని కింద రాష్ట్రాలో, జిల్లాలో వాటంతటవే వచ్చేస్తాయి. ఎవరో ఒకాయన దేశం తైవాన్ అని పెట్టి, ప్రావిన్సు దగ్గర "ఫూజియన్" కనబడట్లేదని ఫిర్యాదు చేశాడు. ఫూజియన్ అంటే చైనాలో ఉన్న ప్రావిన్సు కదా, ఆ మాత్రం తెలీదా ఈయనకి అనుకుని, "యూజర్ పొరపాటు" అని రాసి టికెట్ మూసేశాను. రెండు నిమిషాల పని.

ఆ తర్వాత ఓ ఆదివారం ఏదో చదువుతుంటే తెలిసింది, పొరపాటు ఆయనది కాదని. అప్పట్నుంచీ ఈ కథ ఎవరికైనా చెప్పాలని ఉంది. ఇదిగో మీరు దొరికారు.

సరే, అసలు విషయానికొద్దాం. చైనా అంతర్యుద్ధంలో 1949లో చాంగ్ కై-షెక్ ఓడిపోయి తైవాన్‌కి వెళ్ళిపోయాడని, మావో బీజింగ్‌లో కొత్త ప్రభుత్వం పెట్టాడని మనందరికీ తెలుసు. మనకి అంతగా తెలియనిదేంటంటే, చాంగ్ చేతిలో మిగిలింది తైవాన్ ఒక్కటే కాదు. చైనా ఒడ్డుని ఆనుకుని ఉన్న కొన్ని దీవులు కూడా ఆయన దగ్గరే ఉండిపోయాయి. వాటిలో ముఖ్యమైనవి కిన్మెన్, మాట్సు. కిన్మెన్ నుంచి ఎదురుగా ఉన్న షియామెన్ నగరం పది కిలోమీటర్ల దూరం. తైవాన్ మాత్రం సుమారు రెండొందల కిలోమీటర్లు. 1949 అక్టోబరు చివర్లో మావో సైన్యం పడవల మీద కిన్మెన్‌లో దిగింది. గునింగ్‌తౌ అనే చోట మూడు రోజులు యుద్ధం జరిగి ఓడిపోయింది. అలా ఆ దీవి తైపే ప్రభుత్వానికి మిగిలింది.

ఈ దీవులు ఎప్పుడూ తైవాన్‌లో భాగం కావు. తైవానే ఒకప్పుడు ఫూజియన్‌లో భాగం! 1684 నుంచి రెండొందల ఏళ్ళు ఫూజియన్ కింద ఉండి, 1885లో విడి ప్రావిన్సు అయింది. 1895లో చైనా యుద్ధంలో ఓడిపోతే తైవాన్ జపాన్ చేతికి వెళ్ళింది. కిన్మెన్ వెళ్ళలేదు. అది ఫూజియన్‌లోనే ఉండి, 1915లో విడి కౌంటీ అయింది. కౌంటీ అంటే మన లెక్కలో జిల్లా అనుకోండి.

కాబట్టి తైపే ప్రభుత్వానికి చివరికి రెండు ప్రావిన్సులు మిగిలాయి. ఒకటి తైవాన్. రెండోది ఫూజియన్, అంటే అందులో మిగిలిన తునకలు. కిన్మెన్ ఒక కౌంటీ, మాట్సు దీవులున్నది లియెన్‌చియాంగ్ కౌంటీ. ఆ రెండింటికీ కలిపి ఒక ఫూజియన్ ప్రావిన్సు ప్రభుత్వం! అది 1956లో తైవాన్‌కి తరలిపోయింది, 1996లో మళ్ళీ కిన్మెన్‌కి వచ్చింది. అంటే నలభై ఏళ్ళపాటు ఫూజియన్ ప్రభుత్వం ఫూజియన్‌లోనే లేదు.

ఇప్పుడు అటువైపు చూద్దాం. బీజింగ్ లెక్కలో ఫూజియన్ ఒకటే, రాజధాని ఫూచౌ. కిన్మెన్ అక్కడి చువాన్‌చౌ నగరం కింద ఒక కౌంటీ. దానికి వాళ్ళ అధికారిక పట్టికలో కోడు కూడా ఉంది: 350527. కోడుంది గానీ ఆఫీసు లేదు, సిబ్బంది లేరు, పన్ను వసూలు లేదు. డేటాబేసు భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ ఉంది, మిగతా కాలమ్స్ అన్నీ నల్. అలాగే తైవాన్‌కి 710000. బీజింగ్ తన ప్రావిన్సులు 23 అని చెప్పేది దాన్ని కలుపుకునే.

మాట్సు సంగతి ఇంకా తమాషా. లియెన్‌చియాంగ్ కౌంటీలో పెద్ద భాగం చైనా ప్రధాన భూభాగం మీద ఉంది, అది బీజింగ్ చేతిలో ఉంది. సముద్రంలో ఉన్న మాట్సు దీవులు తైపే చేతిలో ఉన్నాయి. ఇద్దరూ తమ తమ ముక్కని పూర్తి కౌంటీ పేరుతోనే పిలుస్తారు. చైనా భాషలో పేరు ఒకటే. ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం వేరు. వూచియు అని ఇంకో చిన్న దీవి ఉంది. అది నిజానికి పుతియెన్ అనే వేరే కౌంటీది. ఆ కౌంటీ మొత్తం బీజింగ్ దగ్గరుంది. అందుకని 1954 నుంచి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న కిన్మెన్ వాళ్ళు "తాత్కాలికంగా" దాని బాగోగులు చూస్తున్నారు. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ తాత్కాలికం అలాగే ఉంది.

ఇదంతా గుమాస్తాల గోల అని నవ్వుకోవచ్చు. నేనూ మొదట అలాగే నవ్వుకున్నాను. కానీ ఈ పట్టికల కోసం మనుషులు చచ్చిపోయారండీ.

1958 ఆగస్టు 23న కిన్మెన్ మీద ఫిరంగులు మొదలయ్యాయి. 44 రోజుల్లో నాలుగున్నర లక్షలకు పైగా గుళ్ళు పడ్డాయి. కిన్మెన్ విస్తీర్ణం ఎంతనుకున్నారు? సుమారు 150 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకి మూడు వేల గుళ్ళు. ఆ దీవుల నుంచి సైన్యాన్ని తగ్గించుకోమని అమెరికా చాంగ్ మీద ఒత్తిడి తెచ్చింది. దీవుల్ని వదిలెయ్యడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అది సరే, ఇక్కడే అసలు మెలిక ఉంది. చాంగ్ అక్కణ్ణించి వెళ్ళిపోవడం చివరికి మావోకి కూడా ఇష్టం లేకపోయింది!

ఎందుకంటే కిన్మెన్, మాట్సు పోతే తైపే చేతిలో తైవాన్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడది "చైనాలో ఇంకో ప్రభుత్వం" కాదు, చైనా నుంచి వేరుపడిన ఒక దీవి అయిపోతుంది. "రెండు చైనాలు" అనే మాటకి దారి దొరుకుతుంది. చాంగ్‌కి అది వద్దు, తను మొత్తం చైనాకి పాలకుణ్ణని చెప్పుకోవాలి. మావోకీ వద్దు, తైవాన్ చైనాలో భాగమని చెప్పుకోవాలి. ఫూజియన్ తునక ఒకటి తైపే దగ్గర ఉండటం ఇద్దరికీ అవసరం. అందుకని ఆ అక్టోబరులో బీజింగ్ ఒక వింత పద్ధతి ప్రకటించింది. సరి తేదీల్లో ఫిరంగులుండవు, సామాన్లు దింపుకోండి అని. బేసి తేదీల్లో మాత్రం కాలుస్తాం. తర్వాత తర్వాత ఆ గుళ్ళలో ఎక్కువగా వచ్చింది ప్రచార కరపత్రాలే. ఇది 1979 జనవరి 1న, అమెరికా బీజింగ్‌ని గుర్తించిన రోజున ఆగింది. ఇరవై ఏళ్ళు!

ఆ ఇరవై ఏళ్ళూ అక్కడి జనం ఎలా బతికారో ఆలోచించండి. 1956 నుంచి కిన్మెన్, మాట్సు సైన్యం పాలనలో ఉన్నాయి. రాత్రి దీపం బయటికి కనబడకూడదు. రేడియో మీద ఆంక్షలు. బాస్కెట్‌బాల్ కూడా లెక్క చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే దాన్ని పట్టుకుని అటు ఒడ్డుకి ఈదుకుంటూ పోతారేమోనని భయం. తైవాన్‌లో సైనిక శాసనం 1987 జూలైలో ఎత్తేశారు. ఈ దీవుల్లో 1992 నవంబరు దాకా ఎత్తలేదు. తైపేలో స్వేచ్ఛ వచ్చాక కూడా ఇంకో అయిదేళ్ళు వీళ్ళు సరిహద్దు గోడలాగే ఉండిపోయారు.

తైపేలో కూడా ఈ పట్టికకి వేరే రకం మూల్యం చెల్లించారు. 1947-48లో చైనా అంతటా ఎన్నికైన సభ్యులు, "మా నియోజకవర్గాలు శత్రువు చేతిలో ఉన్నాయి, ఎన్నికలు ఎలా పెడతాం" అంటూ సీట్లు వదల్లేదు. వాళ్ళలో మిగిలినవాళ్ళు 1991 చివర్లో గానీ దిగలేదు. పట్టికలో 35 ప్రావిన్సులున్నాయి కాబట్టి తైవాన్ ఓటరుకి నలభై ఏళ్ళు పార్లమెంటు మొత్తాన్నీ ఎన్నుకునే హక్కు లేకుండా పోయింది. ఖాళీ వరసలు ఎవరికీ హాని చెయ్యవని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

మనం మాత్రం తక్కువ తిన్నామా అంటే, లేదు. జమ్ము కాశ్మీరు శాసనసభలో పాకిస్తాన్ అధీనంలో ఉన్న ప్రాంతం కోసం 24 సీట్లు ఖాళీగా పెట్టాం. 2019లో వేసిన మ్యాపులో ముజఫరాబాదు, మీర్పూరు మన జిల్లాలే. అక్సాయ్ చిన్ మనకి లద్దాఖ్‌లో భాగం, చైనాకి హోటాన్‌లో భాగం. 2024 డిసెంబరులో చైనా ఆ హోటాన్‌లో రెండు కొత్త కౌంటీలు ప్రకటిస్తే, వాటిలో కొంత భాగం లద్దాఖ్‌లోదని మన ప్రభుత్వం నిరసన తెలిపింది. మన హక్కు మనం వదులుకోవాలని నేననట్లేదు. ఖాళీ కుర్చీ వేసి ఉంచడం ఒక పద్ధతి, ఆ కుర్చీ పేరు చెప్పి ఉన్నవాళ్ళ ఓటు లాక్కోవడం ఇంకో పద్ధతి. ఆ తేడా మర్చిపోకూడదు, అంతే.

ఇప్పుడు కిన్మెన్ ఎలా ఉందంటారా? 2001 నుంచి ఎదురుగా ఉన్న షియామెన్‌కి నేరుగా పడవలు తిరగడానికి అనుమతి వచ్చింది. 2018 ఆగస్టు నుంచి సముద్రం అడుగున వేసిన గొట్టంలో ఫూజియన్ నీళ్ళు వస్తున్నాయి. అప్పట్లో పడ్డ గుళ్ళ ఉక్కుతో వంటింటి కత్తులు చేసి టూరిస్టులకి అమ్ముతున్నారు. తైపే వారి ఫూజియన్ ప్రావిన్సు ప్రభుత్వం పనులన్నీ 2018 చివరికల్లా వేరే ఆఫీసులకి అప్పజెప్పేశారు. ప్రావిన్సు పేరు మాత్రం కాగితం మీద అలాగే ఉంది.

ఇక నా బగ్ సంగతి. ప్రపంచంలో సగం సాఫ్ట్‌వేర్‌లాగే నేనూ ఐ.ఎస్.ఓ. 3166 జాబితా తెచ్చి వాడాను. అందులో తైవాన్ పేరు పక్కన "చైనా ప్రావిన్సు" అని ఉంటుంది, కిన్మెన్ కౌంటీ దాని కింద ఉంటుంది. బీజింగ్ ఏమంటుంది? కిన్మెన్ ఫూజియన్‌లోది అంటుంది. తైపే అధికారిక లెక్క ప్రకారం? అదీ ఫూజియన్‌లోదే. డెబ్భై అయిదేళ్ళకి పైగా దేనిమీదా ఒప్పుకోని ఇద్దరు ఒప్పుకున్న ఒక్క విషయాన్ని నా డ్రాప్‌డౌన్ తప్పన్నది. దాన్ని నమ్మి నేను, ఆ దీవిలో ఉంటున్న మనిషికి తన ఊరు ఎక్కడుందో తెలీదని తేల్చేశాను.

తర్వాత ఆ ఫీల్డుని సరిచేశాను. ప్రావిన్సు దగ్గర డ్రాప్‌డౌన్ తీసేసి ఖాళీ డబ్బా పెట్టాను. ఎవరి ఊరు పేరు వాళ్ళనే రాసుకోమన్నాను. చరిత్ర చదివితే ఉద్యోగానికి పనికొచ్చిన సందర్భం నాకు ఇదొక్కటే.