అమ్మకి రాని మాతృభాష

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత ఉంది. మన మాట ఎవరైనా పట్టించుకోకపోతే విసుక్కుంటూ అనేస్తూంటాం. మా ఇంట్లో అయితే రోజుకి రెండుసార్లైనా వినిపిస్తుంది. మావారు పేపరులో తల దూర్చినప్పుడు ఒకసారి, పిల్లలు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఇంకోసారి. కానీ కాస్త ఆలోచించండి. ఈ సామెతలో తెలివితక్కువవాడెవరు? వినపడదని తెలిసీ శంఖం పుచ్చుకు వెళ్ళినవాడా, వినపడక ఊరుకున్నవాడా? చరిత్ర తిరగేస్తే, లోకం శతాబ్దాల తరబడి బధిరుల ముందు ఈ శంఖమే ఊదుతూ వచ్చిందనిపిస్తుంది.

మేముండేది పటాన్‌చెరులో. ఒకపక్క రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., ఇంకోపక్క పాశమైలారం, బొల్లారం, అలా సంగారెడ్డి దాకా ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు. పెద్ద పెద్ద ప్రెస్సులు నడిచే చోట, ఇనుము కోసే చోట చెవులు నిక్షేపంలా ఉన్నవాళ్ళకి కూడా మాట పనికిరాదు. పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని చేత్తోనే చెప్పుకుంటారు. ఆపు, ఇంకాస్త పైకెత్తు, టీకి పోదామా, అన్నీ చేతులే.

ఇదేం మన దగ్గర పుట్టిన వింత కాదు. ఇంగ్లండులో లాంకషైర్ బట్టల మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళు మగ్గాల మోతలో పెదవులు సాగదీసి, చేతులు తిప్పి హాయిగా కబుర్లాడుకునేవారట. ఆ పద్ధతికి 'మీ-మాయింగ్' అని ముద్దుపేరు కూడా ఉండేది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రంపపు మిల్లుల కూలీలైతే ఏకంగా ఓ సైగల భాషే కల్పించుకున్నారు. 1970లలో పరిశోధకులు దాన్ని రాసిపెట్టారు. అందులో పని మాటలే కాదు, వేళాకోళాలు కూడా ఉన్నాయి. గొంతు పనిచెయ్యని చోట మనిషి చేత్తో మాట్లాడతాడు. అది మానవ సహజం.

అయితే వాళ్ళంతా షిఫ్టు దిగాక మళ్ళీ నోటితోనే మాట్లాడతారు. కొందరికి ఆ అదృష్టమూ ఉండదనుకోండి. ఏళ్ళ తరబడి మోతలో ఉంటే చెవి నెమ్మదిగా మొద్దుబారుతుంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని నియమం. మోతవల్ల వచ్చే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం జాబితాలోకి ఎక్కిన వృత్తిరోగం. దాన్ని మొదట కనిపెట్టేది చాలాసార్లు డాక్టరు కాదు, ఇంటి ఇల్లాలు. టీవీ సౌండు పెరుగుతుంది, ప్రతిదానికీ "ఆఁ? ఏంటీ?" అంటాడు. పాపం, అతనికి చెవి పోయినా భాష మిగిలే ఉంది. పుట్టుకతోనే వినపడని పసివాడి సంగతి అలా కాదు. వాడికి భాష ఎవరో ఒకరు ఇవ్వాలి. ఎవరూ ఇవ్వకపోతే?

ఆ ప్రశ్న అక్బరు పాదుషాకీ వచ్చింది. మనిషికి సహజమైన భాషేదో తేల్చుకుందామని కొందరు పసిపిల్లల్ని ఒక భవనంలో ఉంచి, వాళ్ళ దగ్గర ఎవ్వరూ నోరు మెదపకూడదని ఆజ్ఞాపించాడు. కొన్నేళ్ళ తరువాత వెళ్ళి చూస్తే ఆ పిల్లలకి ఏ భాషా రాలేదు. ఆ భవనానికి గుంగ్ మహల్, అంటే మూగమేడ అని పేరు పడింది. ఆ రోజుల్లోనే ఇస్తాంబుల్‌లో తురుష్క సుల్తానుల కోటలో బధిరులైన సేవకులుండేవారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి సైగలు నేర్పేవారు. సుల్తాను ఎదుట గట్టిగా మాట్లాడడం అమర్యాద కనుక సుల్తానులు సైతం ఆ సైగలు నేర్చుకున్నారు. చెవులున్న పిల్లలు ఒకచోట మూగలయ్యారు, చెవులు లేనివాళ్ళు ఇంకోచోట రాజుతో ముచ్చటించారు. తేడా చెవుల్లో లేదు, చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది.

కానీ లోకం ఈ తేడా గ్రహించలేదు. నోరు లేకపోతే బుద్ధీ లేదనుకుంది. మన మనుస్మృతి పుట్టుచెవిటికీ మూగకీ ఆస్తిలో వాటా లేదంది, తిండీ బట్టా ఇస్తే చాలంది. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ చట్టం, పుట్టుకతో చెవిటిమూగ అయినవాళ్ళు వీలునామా రాయడానికి వీల్లేదంది. మన దేశంలో ఈ అన్యాయాన్ని 1928లో ఒక చట్టం సరిదిద్దింది. 1956 హిందూ వారసత్వ చట్టం, ఏ అవయవలోపం వల్లా వాటా పోదని తేల్చిచెప్పింది. ఆడపిల్లల వాటా గురించి అంతగా చర్చించుకున్న మనం, అదే చట్టం ఇంకెవరికి మేలు చేసిందో గమనించామా?

పాఠశాలల కథ ఇంకా చిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో ద లెపే అనే మతగురువు బధిరులైన అక్కచెల్లెళ్ళని చూసి, వాళ్ళకి తన భాష నేర్పేముందు తాను వాళ్ళ సైగలు నేర్చుకోవాలనుకున్నాడు. ఉచితంగా బడి పెట్టాడు. ఆ బడిలో చదివి అక్కడే పంతులైన లారెంట్ క్లెర్క్ అమెరికా వెళ్ళి, 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి మొదలుపెట్టడంలో చెయ్యి కలిపాడు. అందుకే అమెరికా బధిరుల సైగలకి ఫ్రెంచి సైగలతో చుట్టరికం, ఇంగ్లండు సైగలతో కాదు!

అంతా బాగానే ఉందనుకుంటూంటే 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. వచ్చిన 164 మందిలో బధిరుడు ఒకే ఒక్కడు. బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించారు. పిల్లల చేతులు కట్టేశారు, సైగ చేస్తే కొట్టారు. మన దేశంలో మొదటి బధిర పాఠశాలలు బొంబాయిలో 1880లలో, కలకత్తాలో 1893లో వెలిశాయి. అంటే సరిగ్గా ఈ గాలి వీస్తున్నప్పుడే. ఇక్కడా "నోరు విప్పు, పెదవులు చూడు" అన్నదే పాఠమైంది. అయినా పంతుళ్ళ కన్నుగప్పి హాస్టలు వరండాల్లో పిల్లలు చేతులతో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మహాసభ వారసులు జరిగినదానికి విచారం ప్రకటించడానికి 2010 దాకా పట్టింది. నూటముప్ఫై ఏళ్ళు!

సైగలంటే అభినయం అనుకుంటాం. కాళిదాసు కథలో రాకుమారి ఒక వేలు చూపిస్తే ఆయన రెండు వేళ్ళు చూపించినట్టు, ఎవరి అర్థం వారిది అనుకుంటాం. 1960లో అమెరికాలో విలియం స్టోకీ అనే ఆచార్యుడు సైగలకీ నియమాలున్నాయని, అది నిండైన భాషేనని నిరూపించాడు. మన దేశంలో 1970ల చివర, పదకొండో ఏట వినికిడి పోగొట్టుకున్న మదన్ వశిష్ఠ అమెరికా పండితులతో కలిసి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగుళూరు సైగల్ని పరిశీలించారు. పదాల్లో ఊరికో తేడా ఉన్నా వ్యాకరణం ఒక్కటేనని తేలింది. మా పటాన్‌చెరులో బీహారువాడికీ ఒడిశావాడికీ మన తెలుగు కుర్రాడికీ మధ్య హిందీ ముక్కలతో నెట్టుకొస్తారు. అదే ముగ్గురు సైగలు వచ్చిన బధిరులైతే అంత ఇబ్బంది ఉండదు.

ఆ భాషలో సంస్కృతి కూడా దాగి ఉంది. ఆడమనిషి అనాలంటే ముక్కుపుడక ఉండేచోట వేలు పెడతారు, మగవాడంటే మీసం తిప్పుతారు. ప్రశ్నపదం వాక్యం చివర వస్తుంది. కనుబొమలూ కళ్ళూ వ్యాకరణంలో పాలుపంచుకుంటాయి. పుట్టుమచ్చో, చొట్టబుగ్గో చూసి మనిషికి సైగపేరు పెడతారు. పల్లెల్లో మనం పెట్టుకునే మారుపేర్లలాగే!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బధిర శిశువుల్లో నూటికి తొంభైమందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. అంటే ఆ బిడ్డకి సులువుగా అబ్బే భాష కన్నతల్లికే రాదన్నమాట. లోకంలో ఇంకే భాషకీ ఈ కష్టం లేదు. వినికిడి సంస్థ 1983లో బొంబాయిలో పెట్టినప్పుడు దానికి మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు, సికిందరాబాదులో దాని శాఖ ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పేదపిల్లలకి కూడా కాక్లియర్ ఇంప్లాంట్లు అందాయి. అవి ఎన్నో ఇళ్ళలో వెలుగు నింపాయి, కాదనను. కానీ అందరికీ ఒకేలా పనిచెయ్యవు, ఆపరేషన్ అయ్యాక ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. ఈలోగా బిడ్డ ఏ భాషలో ఏడవాలి, ఏ భాషలో అలగాలి? "సైగలు నేర్పితే ఇక మాట రాదు" అని తల్లుల్ని భయపెడుతూంటారు. రెండు భాషల ఇంట్లో పెరిగిన పిల్లలకి ఏ భాషా చెడనట్టే, సైగలవల్ల మాట చెడదు. ఏ భాషా లేకుండా తొలి ఐదేళ్ళు గడిచిపోతేనే నష్టం.

హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే గౌరిబిదనూరు తాలూకాలో అలీపూర్ అని ఒక ఊరుంది. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడంవల్ల అక్కడ పుట్టుచెవుడు ఎక్కువ, వందమందికి పైగా బధిరులున్నారు. మేనరికాలు చేసుకునే మనకి అది పరాయి కథేం కాదు. ఆ ఊరికి సొంత సైగలభాష ఉంది. చెవులు వినిపించేవాళ్ళలో కూడా చాలామందికి అది వచ్చు.

ఢిల్లీలో 2015లో భారతీయ సంజ్ఞాభాషకి ప్రత్యేక కేంద్రం పెట్టారు. 2018లో 3,000 పదాలతో వచ్చిన వాళ్ళ నిఘంటువు 2021కి 10,000 పదాలకి పెరిగింది, కంప్యూటర్లో ఎవరైనా చూడొచ్చు. బంధువుల్లోనో పక్కింట్లోనో వినపడని బిడ్డ ఉంటే, పండగనాడు అందరూ నవ్వుకుంటూంటే ఆ బిడ్డ మొహాలు చూస్తూ కూర్చోవడం మనకి తెలియంది కాదు. కొత్త చీర అల్లిక నేర్చుకున్నంత శ్రద్ధగా ఓ పాతిక సైగలు నేర్చుకుందాం. "అన్నం తిన్నావా? ఎందుకు నవ్వుతున్నారో చెప్పనా?" అని అడగడానికి అవి చాలు.