పిల్లల మనసు బాగోనప్పుడు: బడి, ఆస్పత్రి, బాలల సంక్షేమ శాఖ.. ఎవరి పని ఏమిటి?

పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మన దేశంలో మూడు శాఖలు చూస్తాయి. ఒకటి విద్య, రెండోది వైద్యం, మూడోది మహిళా శిశు సంక్షేమం. మూడింటికీ చట్టాలు, పథకాలు ఉన్నాయి. కానీ పిల్లాడు బడికి పోనని మొండికేస్తే టీచర్ "ఇంట్లో చూసుకోండి" అంటారు. డాక్టర్ మందు రాసి నెల తర్వాత రమ్మంటారు. ఇంట్లో కొట్టే పెద్దమనిషి ఉంటే ఆ సంగతి ఈ ఇద్దరికీ తెలియదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరకపోవడమే అసలు సమస్య.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే 40 మంది కూర్చునే క్లాసులో సుమారు ముగ్గురు.

బడి: ముందుగా గుర్తించాల్సిన చోటు

జబ్బు పేరు చెప్పడం టీచర్ పని కాదు. మార్పును గమనించడం, ఇంట్లోవాళ్లకు చెప్పడం, సరైన చోటికి పంపడం ఆమె పని. బాగా చదివే పిల్ల ఒక్కసారిగా వెనకబడటం, స్నేహితులకు దూరం కావడం, తరచూ కడుపునొప్పి అంటూ సెలవు పెట్టడం, చేతుల మీద గాట్లు కనిపించడం లాంటివి తేలిగ్గా తీసుకోకూడదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సిలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ప్రైవేటు బడులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా ఇందులోకే వస్తాయి. అమలు చూడటానికి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి.

కాబట్టి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు రెండు ప్రశ్నలు అడగండి. "మీ కౌన్సిలర్ ఎవరు? అవసరమైతే ఏ ఆస్పత్రికి పంపుతారు?"

ఆస్పత్రి: భయపడాల్సిన చోటు కాదు

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది. బయటికి వెళ్లడానికి జంకేవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చదవడం, రాయడంలో ఇబ్బంది, ఒక్కచోట కుదురుగా ఉండలేకపోవడం వంటివాటిని రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూస్తాయి. 2013 నుంచి అమల్లో ఉన్న ఈ పథకం 18 ఏళ్ల లోపు పిల్లలకు.

ఆడపిల్లను చూపిస్తే రేపు సంబంధాలు రావేమో అని చాలా ఇళ్లలో వెనకాడతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. మైనర్‌ను ఆస్పత్రిలో చేర్చాలంటే ఇద్దరు వైద్య నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు తప్పనిసరిగా సైకియాట్రిస్టు అయి ఉండాలి. పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లిదండ్రులో, వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి. ఆడపిల్ల తరఫున ఉన్నది మగవాళ్లయితే, తోడుగా ఒక స్త్రీ చేరిన రోజు నుంచి ఇంటికి పంపేదాకా ఉండాల్సిందే.

దుఆ చేయించుకోవద్దని ఏ డాక్టరూ అనరు. తావీజు కట్టి ఆర్నెల్లు ఎదురుచూడటంతోనే నష్టం. అప్పటికి జబ్బు ముదురుతుంది, బడి కూడా పోతుంది.

బాలల సంక్షేమం: ఇల్లే సమస్య అయినప్పుడు

దెబ్బలు, బాల్యవివాహం, చదువు మాన్పించి పనికి పంపడం, ఇంట్లోంచి పారిపోవడం.. వీటికి మందుబిళ్ల లేదు. ఇక్కడ కావాల్సింది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద పనిచేసే బాలల సంక్షేమ సమితి, జిల్లా బాలల సంరక్షణ విభాగం. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో కనీసం ఒకరు మహిళ. ఫోన్ నంబర్ 1098.

"పిల్లల్ని లాక్కుపోతారు" అన్న భయం ఎక్కువ. అయితే పిల్లల్ని హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గం మాత్రమేనని అదే చట్టం చెబుతోంది. కుటుంబాన్ని నిలబెట్టే సాయం కూడా ఉంది. భర్త పోయిన, విడాకులైన, వదిలేయబడిన తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు.

లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే మాత్రం టీచరైనా, డాక్టరైనా దాచడానికి వీల్లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిందే.

మూడింటినీ కలపడం ఎలా?

కాగితం లేకపోతే ఏ శాఖా కదలదు. ఇవి దగ్గర పెట్టుకోండి:

• బడి నుంచి లేఖ: ఎప్పటి నుంచి ఏ మార్పు వచ్చింది, ఎన్ని రోజులు రాలేదు అన్నవి అందులో ఉండాలి. డాక్టర్‌కు ఇది పరీక్ష రిపోర్టుతో సమానం.

• డాక్టర్ నుంచి బడికి లేఖ: జబ్బు పేరు రాయనక్కర్లేదు. కొన్నాళ్లు సగం పూట రానివ్వాలి, మందుల వల్ల మగతగా ఉండొచ్చు, ఎవరి ముందూ మందలించొద్దు.. ఇంత రాస్తే చాలు.

• సర్టిఫికెట్: నేర్చుకోవడంలో లోపం, ఆటిజం వంటివి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం వంటి సౌకర్యాలకు ఇది కావాలి.

• ఒక్క మనిషి పేరు: బడిలో కౌన్సిలరో, క్లాస్ టీచరో ఒకరే బాధ్యత తీసుకోవాలి. నెలకోసారి ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి.

పిల్లలు "చచ్చిపోతా" అంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. మందులు, పురుగుల మందు అందకుండా పెట్టండి. 14416కి ఫోన్ చేయండి, ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే 112కి చేయండి లేదా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. కేసు అవుతుందని దాచొద్దు. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. వాళ్లకు వైద్యం, సంరక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.