జిల్లాలు మారినా దొరకాల్సిన గ్రంథాలు

1946 జూలై 4న తెలంగాణ రైతాంగ పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి గ్రామం అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ తాలూకా తర్వాత వరంగల్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న జనగామే జిల్లా కేంద్రమైంది. ఊరు ఉన్నచోటే ఉంది. జిల్లా పేరే రెండుసార్లు మారింది.

ఈ ప్రాంతపు పరిశోధనకు పెద్ద దిక్కు కాకతీయ విశ్వవిద్యాలయం. ఉస్మానియా పీజీ కేంద్రంగా మొదలై 1976 ఆగస్టు 19న విశ్వవిద్యాలయమైంది. చాలాకాలం పీహెచ్‌డీ గ్రంథమంటే టైపు కొట్టించి, అట్ట వేయించి ఇచ్చే నాలుగైదు ప్రతులే. లైబ్రరీ బీరువాలో ఉన్న ప్రతికి చెదలు పడితే అంతే సంగతులు. 2009 యూజీసీ నిబంధనలు ఈ పద్ధతిని మార్చాయి. పట్టా ప్రకటించాక ముప్పై రోజుల్లో సాఫ్ట్ కాపీ పంపాలన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆన్‌లైన్ గ్రంథభాండారం ‘శోధ్‌గంగ’లో ఆ గ్రంథాలు అధ్యాయానికో పీడీఎఫ్ చొప్పున చేరుతున్నాయి.

భద్రపరచడం వరకు బాగానే ఉంది. దొరకడమే కష్టం. ఉదాహరణకు, కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమాన్ని వెన్ననృపుని దాకా తీసుకెళ్తుంది. వంశచరిత్రకు ఇంతకన్నా విలువైన ఆధారాలు తక్కువ. బయ్యారం, గార్ల ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. 2016కు ముందు రాసినవాళ్లకు ఖమ్మం జిల్లా. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం వాళ్లకు కరీంనగర్ జిల్లా. నేటి జిల్లా పేరుతో మాత్రమే వెతికే విద్యార్థికి ఆ పాత పరిశోధన కనిపించకపోవచ్చు.

తెలుగు గ్రంథాలకు ఇంకో చిక్కుంది. అను వంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌ను తెరిస్తే అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చిపడతాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకు కాదు. కాబట్టి ‘మైలాంబ’ అని వెతికితే ఆ పేజీ దొరకదు. స్కాన్ చేసిన పాత ప్రతులైతే ఉత్త బొమ్మలే.

నా దృష్టిలో ఇందులో సగం చిక్కు సమర్పణ నాడే తీరుతుంది. శోధ్‌గంగకు ఆధారమైన డీస్పేస్ సాఫ్ట్‌వేర్‌లో విషయపదాల గడి ఒక్కసారికే పరిమితం కాదు, ఎన్నిసార్లయినా నింపవచ్చు. ‘చరిత్ర’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా బయ్యారం, గార్ల, ఖమ్మం, మహబూబాబాద్ అని నాలుగూ యూనికోడ్‌లో రాయవచ్చు. పాత గ్రంథాల వివరాలకూ ఈ పేర్లు ఇప్పుడు చేర్చవచ్చు. అందుకు గ్రంథంలో ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు.